ఒక్క ఇంటికే ఉప్పు

ఏప్రిల్ 28, మంగళవారం

పొద్దున్న మంచు దిగి, సరుకు తొట్టి వచ్చే తీగ స్తంభాలు కనిపించలేదు. ఎనిమిది దాటాక ఎండ. స్టోరు మెట్లు కడిగాను. రెండో బుట్టోడి చక్రంలో ఇరుక్కున్న గోనె పీచు కత్తిరించి తీశాను.

బుట్టోళ్ళనే ఈ మరమనుషులకి అసలు పేరు వేరే ఉంది. వాళ్ళు వచ్చిన పెట్టెల మీద అచ్చు వేసి ఉంది. దాన్ని ఎవరూ పలకరు. పొట్ట దగ్గర బుట్ట ఉంటుంది కాబట్టి బుట్టోళ్ళు. నలుగురున్నారు. మనిషి గుమ్మంలోకి రాగానే ఒకడు పక్కన చేరి ఏం కావాలో అడుగుతాడు. గోదాములోంచి ఒక్కొక్క సరుకూ తెచ్చి రెండు చేతులతో అందిస్తాడు. మనం అందుకుని, చూసుకుని, నచ్చితే బుట్టలో వెయ్యాలి. ఫిబ్రవరిలో వచ్చారు వీళ్ళు. అంతకుముందు బస్తాలు మూతులు తెరిచి వరసగా ఉండేవి. ఎవరికి కావలసింది వాళ్ళే డబ్బాతో ముంచుకునేవారు. నేను రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ రాసే పని కూడా వాళ్ళదే. అలవాటు చావక నేను విడిగా రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. ఈ కొండగట్టు మీద ఇళ్ళన్నిటికీ ఏడాది ఆవకాయ పెట్టేది ఆమే. మూడో బుట్టోడు ఆమె పక్కన చేరాడు.

"నాలుగు బస్తాలుప్పు కావాల. పదిహేనో తారీకు తొట్టిలో మామిడికాయలొస్తాయి. ఉప్పు కూడా దాంతోనే రావాల," అంది.

"క్షమించండి. ఉప్పు నిల్వ లేదు. శుక్రవారం ఒక పాకెట్టు వస్తుంది," అన్నాడు వాడు.

"ఒక పాకెట్టేటి?"

"ఈ గట్టు మీద ఉప్పు వాడే ఇల్లు ఒకటే."

నూకరత్నం నా వైపు తిరిగింది. "ఏటి గుమస్తాబాబూ, ఈడెక్కడైనా పడ్డాడేటి? ఇన్ని గడపల్లో ఒక్క గడపే ఉప్పు తింటే, మిగతావోళ్ళం గడ్డి తింతన్నామా?"

కనుక్కుంటానన్నాను. ఆమె ఇంకేదో వింటానన్నట్టు కాసేపు నిలబడింది. నేను నా రాత పుస్తకం తెరిచాను. వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 29, బుధవారం

ఎండ. గాలి లేదు. కందిపప్పు డబ్బాలు ఖాళీ చేసి ఎండలో బోర్లించాను.

ఏ సరుకు ఎంత రావాలన్నది మేం చెప్పం. కింద డిపోలో ఒక యంత్రం లెక్కగట్టి పంపిస్తుంది. ఇక్కడందరూ దాన్ని కిందబుర్ర అంటారు. సోమవారం సాయంత్రానికి జాబితా మూస్తుంది, శుక్రవారం తీగ మీద తొట్టి ఎక్కిస్తుంది. ఘాట్ రోడ్డు కొండచరియల కింద పోయిన దగ్గర్నుంచి తొట్టి తప్ప వేరే దారి లేదు. నడిచి దిగిన మనిషి నెత్తి మీద ఎంత తేగలడు?

బేరాలు లేని వేళ చూసి మూడో బుట్టోణ్ణి అడిగాను.

"నూకరత్నం గారు నాలుగు బస్తాలు అడిగారు కదా. అది కిందబుర్రకి చెప్పావా?"

"చెప్పాను. లెక్కలోకి రాదు. అడగడం లెక్క కాదు. అందుకోవడం లెక్క."

అది నిజమే. మొదట్లో జనం అన్నీ అడిగేవారు. వచ్చాక సగం తీసుకునేవారు కాదు. కుళ్ళిపోయేవి. అప్పుడే కిందబుర్రకి నోటిని నమ్మొద్దని, చేతిని నమ్మమని నేర్పారు.

"మిగతా ఇళ్ళవాళ్ళు ఉప్పు అడగనే లేదా?"

"దాదాపు అందరూ అడిగారు. తెచ్చి అందించాను. అందుకోలేదు. ఆ ఉప్పు కిందికి తిరిగి వెళ్ళింది."

"ఎందుకు?"

"'ఉండనీ, మళ్ళీ తీసుకుంటా' అన్నారు. నాకిచ్చిన పట్టికలో ఆ మాట 'అక్కరలేదు' కింద వస్తుంది."

ఇది వింతగా ఉంది. కావాలని అడగడమెందుకు, తెస్తే వద్దనడమెందుకు? చింతపండు వద్దనలేదు. మిరపకాయలు వద్దనలేదు. ఒక్క ఉప్పునే.

ఆ అందుకున్న ఒక్క ఇల్లూ ఏదని అడిగాను. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటికి చెప్పడానికి వీల్లేదన్నాడు.

ఏప్రిల్ 30, గురువారం

మళ్ళీ మంచు. నూనె పీపా కింద కారిన చోట ఊక చల్లి ఊడ్చాను.

నాకు తోచినవి: పాకెట్టు చిరిగి ఉండాలి. లేదా ఉప్పు తడిసి గడ్డకట్టి ఉండాలి. లేదా బుట్టోడి చేతులకి నూనె అంటి ఉండాలి. పాడైన సరుకు గురించి ఫిబ్రవరి నుంచి నా రాతలూ, వాడి చేతులూ చూశాను. మూడూ కావు. వాడి చేతులు నా చేతులకంటే శుభ్రంగా ఉన్నాయి.

సాయంత్రం కుళాయి దగ్గర పోలమ్మని అడిగాను. మా పక్కింటావిడ. ఆమెకి తెలియని సంగతి గట్టు మీద ఉండదు.

"మీ ఇంట్లో ఉప్పుందా?"

"ఉప్పు లేకండా కూరెలా వండుతారు బాబూ? జాడీలో ఉంది."

"స్టోరులో తీసుకున్నారా?"

"పాతదే. అడుగునుంది. తెచ్చుకోవాల." బిందె తిప్పి పెట్టింది. "తెత్తానులే."

"మొన్న బుట్టోడు ఇస్తే వద్దన్నారట?"

"అప్పుడు... ఏటో, తొందర్లో ఉన్నాను." బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంకొందరిని అడిగాను. అందరి జాడీలూ అడుగంటాయి. అందరూ రేపే తెచ్చుకుంటామన్నారు. మిగతా ఇళ్ళవాళ్ళు తెచ్చుకుంటూనే ఉన్నారని ప్రతి ఇల్లూ అనుకుంటోంది. ఈ గట్టు మీద సగం ఇళ్ళు ఒకప్పుడు కింద ఉప్పుమడులున్న ఊళ్ళవి. ఆ మడుల మీద ఇప్పుడు సముద్రముంది.

మే 1, శుక్రవారం

ఎండ. తొట్టి వచ్చింది. బియ్యం దింపించి వరస పేర్పించాను.

ఉప్పు ఒక్క పాకెట్టే వచ్చింది. దాన్ని చూడ్డానికి పది మంది చేరారు. ఎవరూ అడగలేదు. పదకొండింటికి దాలినాయుడు మాస్టారు వచ్చి, బుట్టోడు చాచిన పాకెట్టు అందుకుని, బుట్టలో వేసి, బెల్లం ధర అడిగారు.

వెనక నుంచి పోలమ్మ అంది, "అయితే ఆ ఒక్క ఇల్లూ ఇదేనన్నమాట."

మాస్టారు బడి మానేసి చాలా కాలమైంది కానీ గొంతు మానలేదు. "ఏ ఇల్లు? ఏం మాట్లాడుతున్నారు?"

"గట్టు మీదున్న ఉప్పంతా తమరింటికే ఎల్తందట మాస్టారూ. ఊరగాయలెట్టి పైవూళ్ళకి పంపుతన్నారేటి?"

"నేనొక్కణ్ణి. వారానికో పాకెట్టు. బీపీ మనిషిని, అదీ ఎక్కువే. మీరు తీసుకోక నన్నంటారేం?"

జనం విడిపోయారు. మధ్యాహ్నానికల్లా, మాస్టారు బుట్టోళ్ళకి ఏదో నేర్పి ఉప్పు కట్టేయించారని, ఆయన మంచం కింద బస్తాలున్నాయని మాట పుట్టింది.

మే 4, సోమవారం

ఉదయం జల్లు. స్టోరు కప్పు కారే చోట బాల్చీ పెట్టాను.

సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను. మంచం కింద చెప్పులు, పాత పుస్తకాలు తప్ప ఏమీ లేవు. చూడమని ఆయనే లుంగీ పైకి పట్టుకుని వంగి చూపించారు.

"ఇందులో వింతేముందయ్యా అప్పలకొండా? అడిగాను, ఇచ్చాడు, తీసుకున్నాను. వాళ్ళు తీసుకోరు. ఎందుకు తీసుకోరో నువ్వు వాళ్ళని అడగాలి గానీ నన్నడిగితే?"

"అడిగానండి. తొందరన్నారు."

"మూడు నెలల్నించీ గట్టంతటికీ ఒకేసారి తొందరా?"

ఆ ప్రశ్న బాగుంది. నాకు తట్టలేదు.

లేచి వస్తుంటే ఆయన శుక్రవారం పాకెట్టు తెచ్చి చాచారు. నూకరత్నానికి ఇవ్వమన్నారు. అరుగు మీద పెట్టండి అన్నాను. చెప్పులు తొడుక్కుని తీసుకున్నాను.

నూకరత్నం జాడీలు కడిగి, బోర్లించి, ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడుస్తోంది. పాకెట్టు గడప పక్కన పెట్టాను. చూసి నవ్వింది.

"దీంతో ఒక జాడీకి దిష్టి తియ్యొచ్చు."

"కాయలు ఆపమని చెప్పలేమా?"

"ఆపితే మళ్ళీ ఏడాదికి. వొచ్చి కుళ్ళిపోతే ఇంక ఎప్పుడూ లేదు. సరుకు పాడుసేసినోళ్ళ పేరు మీద కిందబుర్ర మరి పంపదు, మీకు తెల్దా? నా సేతిలో ఉన్న పని ఇదొక్కటే గుమస్తాబాబూ. ఇది పోతే నాను కూడా మీలాగ గుమ్మంలో కూకుని బుట్టోళ్ళని సూసుకోవాల."

నన్ను ఎత్తిపొడిచిందో, ఊరికే అందో తెలియలేదు. చీకటి పడకముందే వచ్చేశాను.

మే 7, గురువారం

ఎండ, ఉక్క. ఎలుకల బోనులో ఎర మార్చాను.

రోజంతా గుమ్మం పక్క స్టూలు మీద కూచుని చేతులు చూశాను. ఎవరు ఏది ఎలా అందుకుంటున్నారో చూడటం ఇదే మొదటిసారి. పసుపు రెండు చేతులతో తీసుకుంటారు. కారం పాకెట్టు కొసలు పట్టుకుంటారు. పోలమ్మ సబ్బు అందుకుని ముందు వాసన చూస్తుంది. కొందరు బుట్టోడి వేళ్ళకి తమ వేళ్ళు తగలకుండా తీసుకుంటారు. కొందరు పనిగట్టుకుని తాకుతారు. ఉప్పు లేదు కాబట్టి ఉప్పెలా అందుకుంటారో చూడలేకపోయాను.

మూడో బుట్టోడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మీరు ఏం కొనడానికి వచ్చారు?"

"ఏమీ కొనను. చూస్తున్నాను."

"నేనూ అదే చేస్తాను," అన్నాడు.

ఒక మాట అనుకున్నాను. రేపు వచ్చే పాకెట్టు మాస్టారికంటే ముందు నేనే అడగాలి. అందుకునేటప్పుడు దాంట్లో ఏం తేడా ఉందో నా చేతికే తెలుస్తుంది.

మే 8, శుక్రవారం

మంచు విడిచాక ఎండ. తొట్టి దింపించాను. ఖాళీ గోనెలు మడత పెట్టలేదు. పెట్టడం మరిచిపోయాను.

మూడో బుట్టోణ్ణి ఉప్పు అడిగాను. తెచ్చాడు. రెండు చేతులతో చాచాడు.

"ఉండనీ," అన్నాను.

వాడు చాచిన చేతులు చాచినట్టే ఉంచాడు. "మీరు అడిగారు. నేను తెచ్చాను. మీరు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సరుకు బాగా లేదా?"

నా కుడిచెయ్యి నా వీపు వెనక ఉంది. దాన్ని నేను అక్కడ పెట్టలేదు. అదే వెళ్ళింది. ముందుకు తెద్దామని చూశాను. వచ్చింది, పాకెట్టు దాకా వచ్చి ఆగింది.

చిన్నప్పుడు అమ్మ నా చేతి మీద కొట్టేది. ఉప్పు చేతికివ్వకూడదు, చేత్తో అందుకోకూడదు. ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ మధ్య గొడవ వస్తుంది. కింద పెట్టాలి, అవతలివాళ్ళు అక్కణ్ణించి తీసుకోవాలి. ఇంతే. మాకు ఇది నియమమని కూడా తెలియదు, ఊపిరి పీల్చినట్టు చేస్తాం. బస్తా మూతి తెరిచి ఉన్నన్నాళ్ళూ ఎవరి ఉప్పు వాళ్ళు ముంచుకున్నారు. ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వనవసరం రాలేదు. మొన్న మాస్టారు చాచిన పాకెట్టునీ నేను అరుగు మీదే పెట్టించాను. నూకరత్నానికిచ్చినప్పుడూ గడప పక్కనే పెట్టాను. రెండుసార్లు చేసి కూడా నాకు తెలియలేదు.

"కింద పెట్టు," అన్నాను.

"సరుకు నేల మీద పెట్టకూడదు."

"పరిశీలించడానికి?"

కాస్త ఆలోచించాడు. "పరిశీలించడానికి పెట్టవచ్చు." వంగి నా కాళ్ళ ముందు పెట్టాడు. తీసుకున్నాను. ఏమీ కష్టం లేదు.

వాడికి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"చేతికిస్తే గొడవ వస్తుందా?"

"అంటారు."

"కింద పెడితే రాదా?"

"వస్తుంది. కానీ ఉప్పు మీదికి నెట్టడానికి ఉండదు."

"మిగతావారు ఈ కారణం నాకు చెప్పలేదు."

"నీకు చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. నాకే తోచలేదు."

"ఇది మీ ఒక్కరి అలవాటు కావచ్చు," అన్నాడు. "ఊరి అలవాటని కిందికి చెప్పాలంటే చాలా ఇళ్ళ చేతులు చూడాలి. సోమవారం సాయంత్రం లోపల."

మే 9, శనివారం

ఎండ. గోనెలు మడత పెట్టాను. ముందు నూకరత్నానికే చెప్పాను. చేతిలో గుడ్డ జాడీ మీద పడేసింది.

"నాను కూడా అలగే సేసినాను. ఆడు రెండు సేతుల్తో సాచినాడు, నాను ఎనక్కి ఎల్లిపోనాను. ఆ తర్వాత ఆ ఊసే మర్సిపోనాను." జాడీ మీద చప్పుడయ్యేలా తట్టి నవ్వింది. "మా మామ్మ ఉప్పుమడిలో పుట్టింది. కొడుకు సేతికి కూడా ఉప్పు ఇచ్చేది కాదు."

ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నూకరత్నం మాట్లాడింది, నేను పక్కన నిలబడ్డాను. పోలమ్మ కాసేపు ఒప్పుకోలేదు.

"యంత్రానికి ఇలాటివి సెప్తే నవ్వదేటి?"

"నవ్వడానికి దానికి నోరేదే?" అంది నూకరత్నం.

"మాస్టారికుంది కదా."

మాస్టారు నిజంగానే నవ్వారు. నన్ను తిట్టారు, అందర్నీ తిట్టారు, వాళ్ళ ముత్తాతల్నీ కలిపారు. తర్వాత, తనకి చెందాల్సిన ఆ వారం పాకెట్టు స్టోరులోనే ఉంచమన్నారు. "మీ మూఢనమ్మకం నిరూపించడానికి నా ఉప్పా. కానివ్వండి. నేనూ వస్తాను. చేత్తోనే తీసుకుంటాను. అది కూడా రాసుకోమను."

మే 11, సోమవారం

వాన వచ్చేలా ఉంది, రాలేదు. గుమ్మం ముందు ఊడ్చి నీళ్ళు చల్లాను.

ఉన్నది ఒకటే పాకెట్టు. తెల్లారేసరికి వరస మెట్లు దాటి కుళాయి దాకా ఉంది. పేరంటానికి వచ్చినట్టు కొందరు పూలు కూడా పెట్టుకొచ్చారు. మూడో బుట్టోడు ప్రతి మనిషికీ ముందు చేతికి చాచాడు. ప్రతి మనిషీ వెనక్కి తగ్గారు. అప్పుడు కింద పెట్టాడు. తీసుకున్నారు. మెట్లు దిగి, అక్కడ వేసుకున్న నా స్టూలు మీద పెట్టారు. నేను మళ్ళీ తీసుకెళ్ళి బుట్టోడి ముందు నేల మీద పెట్టాను.

కాసేపటికి వాడు ఆగాడు. "ఇది ఒకటే పాకెట్టు."

"చేతులు వేరు," అన్నాను.

వాడు పాకెట్టు చూశాడు, వరస చూశాడు. "అవును. చేతులు వేరు."

మాస్టారి వంతు వచ్చింది. చాచిన పాకెట్టు లాక్కుని ఎత్తి అందరికీ చూపించారు. "చూశారా? ఏమైంది? ఏమైనా అయిందా?"

"గుర్తించాను," అన్నాడు బుట్టోడు. "చేత్తో తీసుకునేవారు ఒకరు. మినహాయింపు."

"నేను మినహాయింపు కాదు. వీళ్ళు మినహాయింపు. నేనే సరైన లెక్క."

"మీరు ఒకరు. వారు అందరూ."

"సంఖ్యతో నిజం తేలుతుందిరా? ఎవడు నేర్పాడు నీకు?"

ఆయన అక్కడే నిలబడి వాడితో వాదన పెట్టుకున్నారు. వరస ఆగిపోయింది. పోలమ్మ వెనక నుంచి మెల్లగా అంది, "సేత్తో తీసుకున్నారు కదా. సూడండి, ఎంట్నే గొడవ." ముందు నూకరత్నం నవ్వింది, తర్వాత వరసంతా నవ్వింది. చివరికి మాస్టారు కూడా పాకెట్టు తనే కింద పెట్టి పక్కకి తప్పుకున్నారు.

సాయంత్రం జాబితా మూసుకుంది. మూడో బుట్టోడు తను చూసినదంతా కిందికి పంపానన్నాడు. పాత నెలల్లో వెనక్కి వెళ్ళిన చేతులన్నీ మళ్ళీ తీసి చూశాడట. అందరూ వెనక్కి తగ్గాక నేల వైపు ఒకసారి చూశారట. ఆ చూపుకి అప్పట్లో పట్టికలో గడి లేదట.

"కిందబుర్ర ఒప్పుకుందా?"

"అది జవాబు చెప్పదు. తొట్టి పంపుతుంది."

మే 15, శుక్రవారం

మంచు. పది దాటినా విడవలేదు. తీగ కప్పీకి గ్రీజు రాశాను. ఆ పని నాది కాదు. చేతులు ఊరికే ఉండలేక రాశాను.

ఊరంతా తొట్టి దిగే తీగ మెట్ట మీద ఉంది. తొట్టి కనబడకముందే మామిడికాయల జీడి వాసన వచ్చింది. మొదటి తొట్టి కాయలు. రెండోదీ కాయలే. నూకరత్నం కాయలకేసి చూడలేదు. ఒక కాయ బుట్టలోంచి జారి ఆమె కాలి దగ్గర ఆగింది. వంగి తియ్యలేదు.

మూడో తొట్టి మంచులోంచి మెల్లగా వచ్చింది. మామూలు కంటే కిందికి వేలాడుతోంది. గోనెలు. ఎవరూ ముందుకి వెళ్ళలేదు. బియ్యం కావచ్చు.

నలుగురు బుట్టోళ్ళూ బస్తాలు దించి, ఒక్కొక్కటీ ఆమె ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డారు. బస్తా మీద అచ్చు ఉంది. ఆమె అది చదవలేదు. కుట్టు సందులోకి వేలు దూర్చి, నాలుక మీద పెట్టుకుంది.

"కత్తిపీటలు తెండి," అంది.

నాలుగు బస్తాలు ఆమెవి. ఆ వెనక ఇంకా వచ్చాయి, ఇళ్ళకి. కిందబుర్ర మూడు నెలల ఉప్పూ ఒకేసారి పంపింది.

మే 16, శనివారం

ఎండ. కాయ ముక్కలు తుడిచే గుడ్డలకి పాత గోనెలు చింపి ఇచ్చాను.

ఇవాళ నుంచి బుట్టోళ్ళు అన్నీ కింద పెడుతున్నారు. పప్పు కింద. నూనె సీసా కింద. పోలమ్మ నడుం పట్టుకుని వంగి వంగి లేచి, "ఉప్పొక్కటే నాయనా, ఉప్పొక్కటే," అని బతిమాలింది. మాస్టారికి ఉప్పు కూడా కింద పెట్టారు. చేతికివ్వమని ఆయన, ఊరి పద్ధతి ఇదని మూడో బుట్టోడు. గంటసేపు. ఆయన మొహంలో అంత కళ నేను చాలాకాలంగా చూడలేదు.

మధ్యాహ్నం మూడో బుట్టోడు అడిగాడు, "గొడవ మంచిది కాదంటారు. మాస్టారు గారు దాని కోసం రోజూ వస్తున్నారు. ఎందుకు?"

తెలియదన్నాను. వాడు అడిగేదాకా నేను ఆలోచించలేదు. నాతో గొడవపడేవాళ్ళు గట్టు మీద ఒక్కరూ లేరు.

మే 18, సోమవారం

మబ్బు, వాన లేదు. గుమ్మం పైన బూజు దులిపాను. దీపాల అద్దాలు తుడిచాను.

ఆవకాయ తిరగ కలిపే రోజు. మధ్యాహ్నం నూకరత్నం చిన్న గిన్నెలో వేడన్నం కలిపి తెచ్చింది.

"ఉప్పు సూడండి."

తిన్నాను. బాగుందన్నాను.

"బాగుందని ఎవులడిగినారు? సరిపోయిందా లేదా?"

మామూలుగా అయితే సరిపోయిందనేవాణ్ణి. ఏమనిపించిందో, "కాస్త తక్కువ," అన్నాను.

"తక్కువా?" గిన్నె లాక్కుంది. తనూ ఒక ముద్ద తింది. నా మొహం చూస్తూ నమిలింది. "అయితే ఇయ్యండి."

పోయిన సోమవారం అందరి చేతుల్లో తిరిగిన పాకెట్టు నా బల్ల మీదే ఉంది. అచ్చు చెరిగిపోయి మెత్తబడింది. బల్ల చివర ఆమె వైపు జరిపాను. ఆమె తియ్యలేదు. చెయ్యి చాచింది.

"సేతికియ్యండి."

"గొడవ వస్తుంది."

"రానీండి. గట్టు మీద నాను గొడవ పడని మనిషి మీరొక్కరే. మాటాడితే కదా గొడవవడానికి. ఇలగ ఎన్నాళ్ళు?"

ఇచ్చాను. ఆమె వేళ్ళకి ఆవపిండి అంటి ఉంది, నా చేతికీ అంటింది. మూడో బుట్టోడు గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"ఇది ఎలా రాయాలి?" అన్నాడు.

"రాయకు," అన్నాను.

ఆమె మళ్ళీ వచ్చింది. ఇప్పుడే. గుమ్మంలో నిలబడి ఉంది. నా మాట విని కలిపితే ఒక జాడీ ఉప్పుకషాయం అయిందట. నా నాలుక ఎక్కడ పెట్టుకుని చెప్పానట. ఆ జాడీ ఏడాదంతా నేనే తినాలట. నేను కాస్త అన్నాను గానీ పాకెట్టంతా పొయ్యమన్నానా అన్నాను. రాత తర్వాత, కలం అక్కడ పెట్టి ముందొచ్చి తిని చూడండి అంటోంది. నాలుగో బుట్టోడి బుట్ట కింద మర వదులైంది, దాన్ని—